చీపురుపల్లి నుంచి మార్ఖా లోయకు: ఎలా సిద్ధమవ్వాలి?

మీ ప్రశ్న చదివానమ్మా. చీపురుపల్లి నుంచి మీరు, మీ వారు, డిగ్రీ చదువుతున్న మీ అమ్మాయి, పలాస నుంచి మీ తమ్ముడు, మొత్తం నలుగురు ఆగస్టు చివర్లో లద్దాఖ్‌లోని మార్ఖా లోయలో గైడ్‌తో నడవాలనుకుంటున్నారు. రాత్రుళ్ళు దారిలో ఊళ్ళలోని ఇళ్ళల్లో బస. విశాఖ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి లేహ్‌కు విమానం. దిగిన మూడో రోజు పొద్దున్నే నడక మొదలు. ఏ వ్యాయామం చేయాలి, ఏం కొనాలి, ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలా, అక్కడి తిండి, బాత్రూమ్ మనకు పడతాయా అని అడిగారు. మీ వారికి బీపీ మాత్ర ఉందని కూడా రాశారు. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి హిమాలయాలకు వెళ్ళే జట్లతో చాలా ఏళ్ళుగా తిరుగుతున్నవాడిగా, తెలిసినంత వివరంగా చెప్తాను.

అన్నిటికంటే ముందు ప్లాన్‌లో ఒకటి మార్చాలి. మూడో రోజు నడక వద్దు. ఇంకో రెండు మూడు రోజులు కలపండి. సెలవు దొరకదంటే మార్ఖా ఈ ఏడాదికి పక్కనపెట్టి, అదే లద్దాఖ్‌లో తక్కువ ఎత్తులో ఉండే షామ్ లోయకు వెళ్ళండి. డబ్బు సరిపోదంటే కొత్త జాకెట్ కొనడం మానేసి ఆ డబ్బుతో రోజులు పెంచుకోండి. కాళ్ళకు కావాల్సిన తయారీ అంతా మీ ఊళ్ళోనే అవుతుంది. ఎత్తుకు కావాల్సిన తయారీ మాత్రం ఇక్కడ ఎంత చేసినా రాదు, అక్కడికి వెళ్ళి రోజులు గడిపితేనే వస్తుంది. ఈ రెండూ వేరువేరన్న సంగతి తెలియక చాలామంది బాగా కసరత్తు చేసి వెళ్ళి కూడా లేహ్ హోటల్ గదిలో తల పట్టుకుని పడుకుంటారు.

కారణం చెప్తాను. విజయనగరం సముద్ర మట్టానికి వంద మీటర్లు కూడా ఎత్తులో లేదు. లేహ్ ఊరు సుమారు 3,500 మీటర్లు. గాలిలో ఆక్సిజన్ పాలు రెండుచోట్లా 21 శాతమే, కానీ పైన గాలి ఒత్తిడి తక్కువ. లేహ్‌లో ఒత్తిడి మనకు ఇక్కడున్న దానిలో దాదాపు మూడింట రెండు వంతులే. మీరు దాటబోయే కోంగ్‌మారు లా కనుమ 5,200 మీటర్ల పైమాటే. అక్కడ సగానికి కొంచెం ఎక్కువ. ఢిల్లీలో విమానం ఎక్కితే గంటన్నరలో శరీరాన్ని ఆ మూడింట రెండు వంతుల గాలిలోకి తీసుకెళ్ళి దింపేస్తారు.

అప్పుడు శరీరం ముందుగా చేసేది ఎక్కువసార్లు, లోతుగా ఊపిరి తీయడం. దాంతో రక్తంలోంచి బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి రక్తంలో ఆమ్లం, క్షారం లెక్క తప్పుతుంది. దాన్ని సరిచేసేవి మూత్రపిండాలు. అవి అదనపు క్షారాన్ని మూత్రంలో బయటికి పంపుతాయి. అందుకే మొదటి రోజుల్లో ఎక్కువసార్లు మూత్రానికి వెళ్ళడం మంచి సూచనే. ఈ సర్దుబాటుకు కొన్ని రోజులు పడుతుంది. గుండె బలం, కండ బలం దీన్ని తొందరపెట్టలేవు. ఒకసారి మా జట్టులో అందరికంటే గట్టివాడు, ఏటా విశాఖలో పరుగు పందాల్లో పాల్గొనే కుర్రాడు, మార్ఖా లోయలో పైనున్న హంకర్ ఊళ్ళో రాత్రి భోజనానికి లేవలేదు. ఆకలి లేదన్నాడు. గైడ్ గమనించి అడిగితే అప్పుడు తలనొప్పి ఉందని ఒప్పుకున్నాడు. పొద్దున్నే గుర్రం మీద కిందికి పంపించారు. లోయలో కిందున్న స్కియూ ఊరు చేరేసరికి మామూలు మనిషయ్యాడు. అదే జట్టులో అరవై ఏళ్ళ టీచరమ్మ మెల్లగా నడుచుకుంటూ కనుమ దాటారు.

ఎత్తు ఎక్కడానికి సంబంధించి ప్రపంచమంతా పాటించే సూత్రం ఇది: 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో రెండో రాత్రి ఉండాలి. పగలు ఎంత ఎత్తుకు నడిచినా పర్వాలేదు, పడుకునే చోటే లెక్క.

దీన్నిబట్టి మీ ప్రయాణం ఇలా ఉంటే బాగుంటుంది. లేహ్ విమానాశ్రయంలో దిగగానే ఊళ్ళో ఉండిపోకుండా, కారులో సింధు నది వెంట పడమరకు, ఆల్చి వైపు వెళ్ళిపోండి. ఆల్చి సుమారు 3,100 మీటర్లు, లేహ్ కంటే కిందికి. మొదటి రెండు రాత్రులు అక్కడే. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళనాటి బౌద్ధాలయాలు, వాటి లోపల గోడ చిత్రాలు చూడొచ్చు. మొదటి రోజు మాత్రం భోంచేసి పడుకోవడం తప్ప ఏమీ వద్దు. తర్వాత రెండు రాత్రులు లేహ్‌లో. అప్పుడు చిల్లింగ్ మీదుగా మార్ఖా లోయలోకి. స్కియూ సుమారు 3,400, మార్ఖా ఊరు 3,700 పైన, హంకర్ 4,000 అటూ ఇటూ. జీపు దారి ఏటా లోయలోకి ఇంకొంచెం వెళ్తోంది కాబట్టి నడక ఎక్కడ మొదలో గైడ్‌ని అడగండి. ఎక్కువ ట్రెక్కింగ్ కంపెనీల ప్లాన్‌లో హంకర్ మర్నాడే నిమాలింగ్ అని రాసి ఉంటుంది. నిమాలింగ్ 4,700 పైన. అంటే ఒక్కరోజులో ఏడు వందల మీటర్లు. తేడా వస్తే ఎక్కువమందికి అక్కడే వస్తుంది. అందుకని హంకర్‌లో రెండు రాత్రులు ఉంటామని ఇప్పుడే గైడ్‌తో మాట్లాడుకోండి. మధ్యలో రోజు పైకి రెండు మూడు గంటలు నడిచి, మళ్ళీ దిగి అదే ఇంట్లో పడుకోండి.

నిమాలింగ్ ఊరు కాదు. వేసవిలో గొర్రెలు, యాక్‌లను తోలుకొచ్చే పచ్చిక మైదానం. అక్కడ గుడారాల్లో పడుకోవాలి. మర్నాడు కనుమ ఎక్కి, ఒకే రోజు దాదాపు 1,500 మీటర్లు దిగాలి. ఈ దిగడం సంగతి గుర్తుపెట్టుకోండి, వ్యాయామం దగ్గర మళ్ళీ చెప్తాను.

ఇక డాక్టర్ దగ్గర మాట్లాడాల్సినవి. మన జిల్లాల వాళ్ళకు ప్రత్యేకంగా ముఖ్యమైన విషయాలు కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను.

మీ తమ్ముడిది పలాస అన్నారు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం, అంటే ఉద్దానం. షుగర్, బీపీ ఏమీ లేనివాళ్ళకు కూడా అక్కడ మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని మనందరికీ తెలుసు. చాలా ముదిరేదాకా పైకి ఏమీ కనబడదు. పైన చెప్పినట్టు ఎత్తుకు అలవాటు పడటంలో సగం పని మూత్రపిండాలదే. డయామాక్స్, అంటే ఎసిటజోలమైడ్, పనిచేసేది కూడా వాటి మీదే: క్షారాన్ని త్వరగా బయటికి పంపించి, రెండు మూడు రోజుల సర్దుబాటును ముందుకు జరుపుతుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్ళకు ఆ మందు ఇవ్వరు. కాబట్టి మీ తమ్ముడు టికెట్ కొనకముందే సీరం క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, రిపోర్టు డాక్టర్‌కు చూపించాలి. తక్కువ ఖర్చు పరీక్షే. మిగతా ముగ్గురూ కూడా చేయించుకుంటే మంచిది. ఒళ్ళు నొప్పులకు డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు మింగడం మనలో బాగా అలవాటు. ఎండిన గాలిలో, నీళ్ళు చాలక ఉన్న శరీరంలో అవి మూత్రపిండాలకు చేటు. నొప్పికి పారాసెటమాల్ చాలు.

డయామాక్స్ వేసుకోవాలా అన్నారు. నేను చెప్పినట్టు రోజులు ఇచ్చి ఎక్కితే చాలామందికి అవసరం ఉండదు. నేరుగా విమానంలో దిగుతున్నారు కాబట్టి డాక్టర్ వేసుకోమంటే మాత్రం సంకోచించకండి. నివారణకు సాధారణంగా రాసే మోతాదు 125 మిల్లీగ్రాములు, ఉదయం, సాయంత్రం, ఎక్కడానికి ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ మాట డాక్టర్‌కు తప్పక చెప్పాలి. వేళ్ళ చివర్లు, పెదవుల చుట్టూ తిమ్మిరిగా చీమలు పాకినట్టు ఉంటుంది, సోడా రుచి మారిపోతుంది, మూత్రం ఎక్కువవుతుంది. వాటికి టెన్షన్ పడక్కర్లేదు. బయలుదేరకముందే ఇంట్లో రెండు రోజులు వేసుకుని చూస్తే పడుతుందో లేదో తెలిసిపోతుంది.

మీ వారి బీపీ అదుపులో ఉంటే వెళ్ళొచ్చు. మాత్ర ఒక్కరోజు కూడా మానకూడదు. మొదటి రోజుల్లో బీపీ కొంచెం పెరగడం మామూలే. ఆయన వాడే మాత్రలో మూత్రం ఎక్కువ చేసే మందు కలిసి ఉందేమో డాక్టర్‌ని అడగండి, ఉంటే అక్కడ ఎలా వాడాలో ముందే చెప్తారు. మీరూ మీ అమ్మాయీ హిమోగ్లోబిన్ చూపించుకోండి. మన ఆడవాళ్ళలో రక్తం తక్కువగా ఉండటం ఎంత మామూలో మీకు తెలుసు. గాలే తక్కువగా ఉన్నచోట ఆ కొద్దిపాటి ఆక్సిజన్‌ని మోసే రక్తం కూడా తక్కువైతే కష్టం. ఇప్పుడు తెలిస్తే మూడు నెలల్లో మందులతో, తిండితో పెంచుకోవచ్చు. ఇది చదివేవాళ్ళలో పార్వతీపురం, సీతంపేట, అరకు వైపు మన్యం కుటుంబాల వాళ్ళు ఉంటే, సికిల్ సెల్ పరీక్ష తప్పకుండా చేయించుకోండి. ఒక్క జన్యువే ఉండి, ఇక్కడ ఎప్పుడూ ఏ ఇబ్బందీ లేనివాళ్ళకు కూడా బాగా ఎత్తులో ప్లీహం దెబ్బతినే ప్రమాదం ఉంది.

ప్రమాద సూచనలు నలుగురికీ నోటికి రావాలి. తలనొప్పి, దాంతోపాటు వికారమో, ఆకలి చచ్చిపోవడమో, తల తిరగడమో, మరీ నీరసమో ఉంటే అది ఎత్తు వల్లే అనుకోవాలి. ఆరోజు ఇంకా పైకి పోకూడదు. ఒక రాత్రి ఆగితే చాలావరకు తగ్గుతుంది, తగ్గకపోతే దిగాలి. కూర్చుని ఉన్నప్పుడు కూడా ఆయాసం, పడుకోలేకపోవడం, దగ్గు, కఫంలో ఎర్రటి చాయ కనబడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. తాగినవాడిలా తూలడం, మాట తడబడటం, గీత మీద మడమకు బొటనవేలు ఆనించి నడవలేకపోవడం మెదడు వాపు సూచన. ఈ రెండింటికీ తెల్లవారేదాకా చూద్దాం అన్న మాట లేదు. అప్పటికప్పుడు, రాత్రయినా, తోడుతో కిందికి దిగాలి. లేహ్‌లో సోనమ్ నొర్బూ స్మారక ఆసుపత్రి ఉంది, అక్కడి డాక్టర్లకు ఈ కేసులు రోజూ చూసే పనే.

ఇక్కడ మనవాళ్ళకు పెద్ద అడ్డం మొహమాటం. నా ఒక్కడి వల్ల నలుగురి ప్రయాణం ఆగిపోతుందేమో, గైడ్ ఏమనుకుంటాడో, ఆ ఇంటావిడ అంత ఆప్యాయంగా పెడుతుంటే వద్దంటే బాగుండదేమో అని తలనొప్పి దాచుకుంటారు. భాష ఇంకో ఇబ్బంది. గైడ్‌తో మాట్లాడేది హిందీలోనే. అందరికీ హిందీ అంతగా రాదని రాశారు కాబట్టి, కనీసం నాలుగు ముక్కలు నేర్చుకోండి: సిర్ మే దర్ద్ హై (తల నొప్పిగా ఉంది), సాఁస్ ఫూల్ రహీ హై (ఆయాసంగా ఉంది), ఉల్టీ జైసా లగ్ రహా హై (వాంతి వచ్చేలా ఉంది), నీచే జానా హై (కిందికి వెళ్ళాలి). రోజూ సాయంత్రం నలుగురూ ఒకరినొకరు అడగాలని నియమం పెట్టుకోండి: తల ఎలా ఉంది, అన్నం తిన్నావా, రాత్రి నిద్ర పట్టిందా. మీ అమ్మాయిని ఆ పని మీద పెట్టండి. చిన్నవాళ్ళు అడిగితే పెద్దవాళ్ళు దాచరు.

ఇప్పుడు వ్యాయామం. మూడు నెలలు చాలు. మొదటి నెల రోజూ నలభై నిమిషాలు వేగంగా నడక, పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత వేగం, పాట పాడలేనంత వేగం. వేసవిలో మన ఉక్కపోతలో తెల్లవారుజామున అయిదింటికే మొదలెట్టి ఆరున్నరకల్లా ఇంటికి రావాలి. రెండో నెల నుంచి మెట్లు. మీకు దగ్గర్లో రామతీర్థం కొండలున్నాయి, గురుభక్తుల కొండ, బోధికొండ. ఎస్.కోట వైపు పుణ్యగిరి ఉంది. నెలకోసారి సింహాచలం వెళ్ళి మెట్ల దారిన ఎక్కి దిగండి. ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణ మీ ప్రయాణానికి నెల ముందు వస్తుంది కదా, దాదాపు ముప్ఫై రెండు కిలోమీటర్ల ఆ నడక పూర్తి చేస్తే ఎక్కువ దూరం నడవగలమన్న ధైర్యం వస్తుంది. మీ తమ్ముడికి పలాస నుంచి మహేంద్రగిరి అందుబాటులో ఉంటుంది. ఒడిశా గజపతి జిల్లాలో 1,501 మీటర్ల కొండ. కాకపోతే ఇవేవీ ఎత్తుకు అలవాటు చేస్తాయనుకోవద్దు. మన రాష్ట్రంలో ఎంత ఎత్తైన శిఖరమైనా 1,700 మీటర్ల లోపే. ఎత్తు ప్రభావం కనబడేది 2,500 దాటాక.

వీపు మీద బరువుతో నడవడం తప్పనిసరి. ఇళ్ళల్లో బస కాబట్టి గుడారాలు, వంట సామాన్లు మోయక్కర్లేదు, అయినా ఒక్కొక్కరికి ఆరేడు కిలోలు అవుతుంది. సంచిలో నీళ్ళ సీసాలు పెట్టుకుని ఎక్కండి. మొదట్లో మోకాళ్ళు నొప్పెడితే కొండపైన ఆ నీళ్ళు చెట్లకు పోసి తేలిగ్గా దిగండి. మూడో నెలలో మాత్రం బరువుతోనే దిగాలి. అందరూ ఎక్కడానికే సాధన చేస్తారు, మర్నాడు తొడలు పట్టేసేది దిగడం వల్ల. కోంగ్‌మారు లా తర్వాతి రోజు మీకది తెలుస్తుంది. చివరి నెలలో వారానికి ఒక్కసారైనా వరుసగా రెండు రోజులు, రోజుకు అయిదారు గంటలు నడవండి. అలిసిన కాళ్ళతో రెండో రోజు లేచి నడవడమే అక్కడ రోజూ చేయాల్సిన పని. బయలుదేరే ముందు చివరి వారం తగ్గించేయండి.

కొనాల్సిన వాటిలో బూట్లు ఒక్కటే నిజంగా మీ సొంతం అయి ఉండాలి. విశాఖ వెళ్ళి, సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మందం సాక్సులు వేసుకుని చూడండి. దిగేటప్పుడు వేలు ముందుకు తగలకుండా బొటనవేలి ముందు ఖాళీ ఉండాలి. రామతీర్థం ఎక్కేదీ, గిరి ప్రదక్షిణ చేసేదీ ఆ బూట్లతోనే. వాగులు దాటడానికి వెనక పట్టీ ఉన్న చెప్పులు ఇంకో జత. మందపాటి చలి జాకెట్, నడక కర్రలు లేహ్‌లో అద్దెకు దొరుకుతాయి. మన వాతావరణంలో మళ్ళీ వాడని జాకెట్‌కు వేలు పోయడం దండగ. ఒంటిని అంటి ఉండే థర్మల్ జత, ఊలు స్వెటర్, వానకోటు, మంకీ క్యాప్, చేతి తొడుగులు, వెడల్పు అంచు టోపీ, మంచి నల్ల కళ్ళద్దాలు, ఎండ లోషన్, పెదవులకు రాసుకునేది. ఎత్తు పెరిగేకొద్దీ ఎండలో చర్మాన్ని కాల్చే కిరణాలు బలపడతాయి. మనం ఎండకు అలవాటుపడ్డవాళ్ళమే కదా అనుకోవద్దు, చల్లగా ఉండటంతో కాలుతున్నట్టు తెలియదు. ముక్కు లోపల ఎండి రక్తం రాకుండా కొంచెం వేజిలీన్. ఆగస్టులో పగలు చొక్కాతో నడుస్తారు, నిమాలింగ్‌లో రాత్రి సున్నాకు దగ్గరవుతుంది.

వాగుల మాట వచ్చింది కాబట్టి: మంచు కరిగిన నీళ్ళు మధ్యాహ్నానికి పెరుగుతాయి. పొద్దున మోకాలు లోతున్నది సాయంత్రం తొడల దాకా రావచ్చు. గైడ్ అయిదున్నరకే లేపితే విసుక్కోకండి.

ఇళ్ళల్లో బస గురించి మీరు ఒక్క వాక్యమే అడిగారు, నాకు మాత్రం ఈ నడకలో అన్నిటికంటే విలువైనది అదే. మార్ఖా లోయ హెమిస్ జాతీయ వనంలో ఉంది. మంచు చిరుతలు తిరిగే చోటు. రాత్రి కొట్టంలో దూరి గొర్రెల్ని చంపే చిరుత మీద ఆ ఊళ్ళవాళ్ళకు కోపం రాకుండా ఎలా ఉంటుంది? చిరుతను చూడటానికి, ఆ కొండల్లో నడవడానికి వచ్చే అతిథుల డబ్బు నేరుగా ఆ ఇళ్ళకే చేరితే చిరుత బతికి ఉండటమే వాళ్ళకు లాభం అన్న ఆలోచనతో 2000ల మొదట్లో ఈ బసలు మొదలయ్యాయి. చాలా ఊళ్ళల్లో ఇళ్ళవాళ్ళు వంతులవారీగా అతిథుల్ని తీసుకుంటారు. కాబట్టి ఫలానా ఇల్లే బాగుందట, అక్కడే కావాలి అని పట్టుపట్టకండి. రాత్రి భోజనం, పొద్దున ఫలహారం, దారిలోకి కట్టిచ్చే మధ్యాహ్నం తిండి కలిపి మనిషికి ఇంత అని ధర ఉంటుంది, దానిమీద బేరం వద్దు. లోయలో ఏటీఎం లేదు, లేహ్‌లోనే చిన్న నోట్లు తీసుకోండి.

ఇంట్లో అందరూ ఉండేది వంటగదిలోనే. పెద్ద పొయ్యి, గోడ పొడవునా మెరిసే ఇత్తడి, రాగి గిన్నెలు, కింద తివాచీలు, ముందు పొట్టి బల్లలు. చెప్పులు బయటే వదలాలి. ఎక్కడ కూర్చోమంటే అక్కడే కూర్చోండి, పొయ్యికి దగ్గరి చోటు పెద్దలది. పొయ్యిని పవిత్రంగా చూస్తారు. అందులో చెత్త, ప్లాస్టిక్ కాగితాలు వేయొద్దు, పాదాలు అటు చాపొద్దు. కనిపించిన ప్రతివారికీ జూలే అని చేతులు జోడిస్తే చాలు, ముఖాలు విచ్చుకుంటాయి. దారిలో రాళ్ళమీద మంత్రాలు చెక్కిన మణి గోడలు వస్తాయి. మన గుళ్ళో ప్రదక్షిణ లాగే, గోడ మీ కుడిచేతి వైపు ఉండేలా నడవండి.

తిండి మనకు పడుతుంది. చాలా ఇళ్ళల్లో రాత్రికి అన్నం, పప్పు, పెరట్లో పండిన ఆకుకూర ఉంటాయి. ఎత్తులో నీళ్ళు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి అన్నం కుక్కర్‌లోనే వండుతారు, అయినా మన అన్నంలా ఉండదు. తుక్పా అనే నూడుల్స్ చారు, గోధుమపిండి ముద్దల్ని కూరలతో ఉడికించే స్క్యూ, మందపాటి ఖంబీర్ రొట్టె, మోమోలు ఉంటాయి. వేయించిన బార్లీ పిండి సాంపా మీద మీకు ప్రేమ కలుగుతుందని నా నమ్మకం. చోడంబలి తాగి పెరిగినవాళ్ళకు అది పరాయి తిండి కాదు. వెన్న, ఉప్పు వేసి చిలికిన టీ మొదటి గుక్కలో చాలామందికి నచ్చదు. అక్కడ కప్పు ఖాళీ అయితే మళ్ళీ నింపుతారు, ఎన్నిసార్లయినా. చాలనుకుంటే కప్పు నిండుగానే ఉంచి, లేచేముందు తాగేయండి. ఇంట్లో పులియబెట్టిన చాంగ్ అనే బార్లీ కల్లు ఇవ్వచ్చు. ఎత్తుకు అలవాటు పడే రోజుల్లో మద్యం, నిద్రమాత్రలు రెండూ పనికిరావు, చేయి జోడించి వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరు. మాంసం తినకపోతే గైడ్‌తో ముందే చెప్పించండి.

మన వైపు నుంచి తీసుకెళ్ళాల్సినవి తిండిలోనే ఉన్నాయి. భీమాళి మామిడి తాండ్ర ఎండకు కరగదు, చలికి పాడవదు, ఆకలి లేనప్పుడు కూడా పుల్లగా నోట్లోకి పోతుంది. పలాస జీడిపప్పు మీ తమ్ముడు తెస్తాడు. బస చేసే ఒక్కో ఇంటికీ ఇవ్వడానికి చిన్న పొట్లాలు కట్టించుకోండి, పిల్లలకు చాక్లెట్లు పంచడం కంటే ఎంతో బాగుంటుంది. ఎత్తులో నాలుకకు రుచి తగ్గుతుంది, అన్నం సహించనప్పుడు ఆవకాయ ముక్క పనికొస్తుంది. నూనె కారని డబ్బాలో పెట్టుకోండి.

బాత్రూమ్ గురించి అడగడానికి మొహమాటపడ్డారు, అక్కర్లేదు. లద్దాఖీ ఇళ్ళల్లో మరుగుదొడ్డి పొడిది. పైగదిలో నేలకు కంత, పక్కన మట్టి కుప్ప, పార ఉంటాయి. పని అయ్యాక ఒక పార మట్టి కిందికి తోయాలి. కింది గదిలో అది ఎండి ఎరువవుతుంది, అదే పొలాలకు వెళ్తుంది. ఏడాదికి అరచేతిలోతు కూడా వాన పడని ఆ చోట బార్లీ పండుతోందంటే ఆ ఎరువు వల్ల, మంచు కాలువ వల్ల. మన అలవాటుగా చెంబుడు నీళ్ళు పోస్తే అది కుళ్ళి, వాసన వేసి, ఎరువు పాడవుతుంది. కాబట్టి కాగితం వాడండి, తర్వాత అవసరమైతే బయట పక్కన కొద్ది నీళ్ళతో శుభ్రం చేసుకోండి, చేతులకు సబ్బు. తడి తుడుపు కాగితాలు, ప్యాడ్లు ఆ కంతలో వేయకూడదు. మీరూ అమ్మాయీ మందపాటి నల్ల కవర్ ఒకటి తెచ్చుకుని, అందులో కట్టి లేహ్‌కు వెనక్కి తీసుకురండి. స్నానం రోజూ కుదరదు. ఇంటి ముందు పారే కాలువ పొలానికీ, తాగడానికీ, అందులో సబ్బు కలపకండి. గోరువెచ్చని నీళ్ళు ఒక మగ్గు అడిగి, తడిబట్టతో ఒళ్ళు తుడుచుకుంటే హాయిగా ఉంటుంది.

ఆగస్టు చివర అంటే కోతలు మొదలయ్యే సమయం. ఇంటివాళ్ళు పొలంలో ఉండొచ్చు, మీరు చేరేసరికి తలుపు వేసి ఉండొచ్చు. నీడన కూర్చుని ఎదురుచూడండి. మీకు వ్యవసాయం తెలుసు కదా, కొడవలి అందుకుని ఓ అరగంట సాయం చేస్తే, రాత్రి వంటగదిలో మాటలు ఇంకోలా ఉంటాయి.

తాగే నీళ్ళు ఎప్పుడూ కాచినవే, ఇళ్ళల్లోనూ దారిలోని పారాచూట్ గుడ్డ టీ దుకాణాల్లోనూ నింపుతారు. రోజుకు మూడు లీటర్లు చాలు, బలవంతంగా అయిదారు తాగడం కూడా మంచిది కాదు. మన రాష్ట్రపు ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, ఒకరైనా పోస్ట్‌పెయిడ్ పెట్టుకోండి. లోయలో అదీ దాదాపు ఉండదు కాబట్టి ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి వెళ్ళండి.

గైడ్‌ని మాట్లాడుకున్నారు, మంచిదే. డబ్బు పూర్తిగా కట్టేముందు అతణ్ణి మూడు విషయాలు అడగండి. హంకర్‌లో రెండో రాత్రికి ఒప్పుకుంటాడా? నలుగురిలో ఒకరు దిగాల్సివస్తే ఆ ఒకరితో ఎవరు వెళ్తారు, మిగతావాళ్ళతో ఎవరు ఉంటారు? ఆక్సిజన్ సిలిండర్, వేలికి పెట్టే ఆక్సీమీటర్ అతని దగ్గరుంటాయా? మొదటిదానికి ఏం కాదు మేడమ్, అందరూ వెళ్తారు అని తేల్చేస్తే ఇంకొకరిని చూసుకోండి. ఆ లోయలోనే పుట్టిన గైడ్ దొరికితే ఇంకా మంచిది, ఇంటివాళ్ళకూ మీకూ మధ్య మాట కలుపుతాడు.

చివరగా, మార్ఖానా, షామా అన్న సంగతి. పన్నెండు రోజుల సెలవు దొరికితే మార్ఖా. ఎనిమిదే అంటే షామ్: లికిర్, యాంగ్‌థాంగ్, హెమిస్ శుక్‌పాచన్, తెమిస్‌గామ్. కనుమలన్నీ 4,000 మీటర్ల లోపే, ప్రతి రాత్రీ ఊళ్ళోనే, ఇళ్ళూ అంతే ఆప్యాయంగా ఉంటాయి. సెలవు ఇంకా ఎక్కువుంటే విమానం బదులు విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కడి నుంచి శ్రీనగర్ చేరి, కార్గిల్‌లో రాత్రి ఆగి, రోడ్డు మీద లేహ్ చేరండి. కార్గిల్ 2,700 మీటర్ల లోపే కాబట్టి శరీరానికి ఒక మెట్టు దొరుకుతుంది. మనాలి దారిలో వద్దు, అది అలవాటు పడకముందే బాగా ఎత్తున పడుకోబెడుతుంది. తిరుగు ప్రయాణంలో లేహ్‌లో ఒక రోజు ఖాళీ ఉంచుకోండి, వాతావరణం బాగోలేక అక్కడి విమానాలు రద్దవుతుంటాయి. ఢిల్లీ నుంచి విశాఖ టికెట్ ఆ మర్నాటికే తీసుకోండి.